కారు మిస్సింగ్ కొడుతోందా? తప్పు ఇ20దా, ప్లగ్గుదా, కాయిల్‌దా అనేది ఎలా తేలుతుంది

2025లో బంకులన్నిటా ఇ20 పెట్రోలే (20 శాతం ఇథనాల్ కలిపినది) రావడం మొదలయ్యాక కార్లున్నవాళ్ల మధ్య ఒకటే మాట. బండి జర్క్ ఇచ్చినా, సిగ్నల్ దగ్గర వణికినా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగకపోయినా "ఇ20 వల్లేనండీ" అనేస్తున్నారు. షెడ్డుకి తీసుకెళ్తే ఇంకో కథ. ముందు ప్లగ్గులు మారుస్తారు, తగ్గకపోతే కాయిల్స్, అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, అన్నీ అయ్యాక "పెట్రోల్ బాలేదు సార్" అంటారు. డబ్బులు పోతాయి, జర్క్ మాత్రం అలాగే ఉంటుంది.

ఇ20 గురించి అడగాల్సిన ప్రశ్నలు నిజంగానే ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. కానీ మిస్సింగ్‌కి దాని లెక్క దానికుంది. ఆ లెక్కలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మిస్ అవుతున్నది ఒక్క సిలిండరా, అన్ని సిలిండర్లా? దీనికి జవాబు దొరికితే సగం అనుమానాలు అక్కడికక్కడే పోతాయి, చిత్రంగా ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

మిస్ అవడం అంటే లోపల ఏం జరుగుతున్నట్టు

పెట్రోల్ ఇంజన్‌లో ప్రతి సిలిండర్ నాలుగు పనులు వరసగా చేస్తుంది. గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది, దాన్ని నొక్కుతుంది, స్పార్క్‌తో మండించి పిస్టన్‌ని కిందికి తోస్తుంది, పొగని బయటికి పంపుతుంది. ఈ నాలుగూ అయ్యేసరికి పిస్టన్ల తోపుకి తిరిగే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, రెండు చుట్లు తిరుగుతుంది. మంట సరిగ్గా రావాలంటే మూడు ఉండాలి: తగిన పాళ్లలో మిశ్రమం, తగినంత కంప్రెషన్ (మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి), సరైన క్షణంలో బలమైన స్పార్క్. మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా ఆ సిలిండర్‌లో మంట రాదు, లేదా సగం సగం వస్తుంది. దాన్నే మిస్‌ఫైర్ అంటాం, మెకానిక్కుల మాటలో మిస్సింగ్. మిస్సింగ్ అంటే ప్లగ్గు పోయినట్టే అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ప్లగ్గు ఆ మూడింటిలో ఒకదాంట్లో ఒక భాగం మాత్రమే.

ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ మాత్రం ఆన్‌లో ఉన్నప్పుడు, ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకి ఒక మంట కాబట్టి ఒక్కో సిలిండర్‌లో నిమిషానికి 400 సార్లు మంట రావాలి, నాలుగు సిలిండర్ల బండిలో మొత్తం 1600. ఒక సిలిండర్ పూర్తిగా పడుకుంటే అందులో 400 పోతాయి. ఒకే చోట, ఒకే తాళంలో పోతాయి కాబట్టి స్టీరింగ్‌లో, సీటులో ఒక క్రమమైన వణుకు తెలుస్తుంది. అదే అన్ని సిలిండర్లలోనూ అక్కడొకటి ఇక్కడొకటి పోతుంటే వణుకుకి క్రమం ఉండదు, బండి ఒకసారి బాగుండి ఒకసారి తడబడుతుంది. ఇక క్విడ్, టియాగో, ఒక లీటర్ వ్యాగన్ ఆర్ లాంటి మూడు సిలిండర్ల బళ్లలో ఒకటి పడుకుంటే మూడో వంతు బలం ఒక్కసారిగా పోతుంది, అందుకే అలాంటి బళ్లున్నవాళ్లకి భయం కూడా ఎక్కువే.

కీ తిప్పితే టక్‌మని ఊరుకోవడం దీని కిందికి రాదు. అది బ్యాటరీ, స్టార్టర్ వైపు సంగతి. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ అసలు అందుకోకపోవడం మళ్లీ వేరు, అప్పుడు అన్ని సిలిండర్లకీ ఒకేసారి స్పార్కో పెట్రోలో అందడం లేదన్నమాట. క్రాంక్ సెన్సార్, ఫ్యూయల్ పంప్, ఇమ్మొబిలైజర్ లాంటివి అనుమానించాల్సింది అక్కడ. డీజిల్ బళ్లకి స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి వాటి గొడవ పూర్తిగా వేరు.

12 వోల్టులు వేల వోల్టులయ్యే దారి

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొనల మధ్య ఖాళీలో స్పార్క్ దూకాలంటే వేల వోల్టులు కావాలి, ఆ పని చేసేది ఇగ్నిషన్ కాయిల్. అవసరాన్ని బట్టి 20 వేల నుంచి 40 వేల వోల్టుల దాకా పుట్టించగలదు. పాత కార్బురేటర్ మారుతి 800 రోజుల్లో బండి మొత్తానికి ఒకే కాయిల్, దాని నుంచి డిస్ట్రిబ్యూటర్, అక్కడి నుంచి ప్లగ్గులకి లావుపాటి వైర్లు. తర్వాత రెండేసి సిలిండర్లకి ఒక కాయిల్ ఉండే ప్యాకులొచ్చాయి. ఇప్పుడు ఎక్కువ బళ్లలో ప్రతి ప్లగ్గు నెత్తిన దాని కాయిల్ దానికే ఉంటోంది. ఈ చరిత్ర ఎందుకంటే, అదే కాయిల్ పోయినా బండి ఎలా ప్రవర్తిస్తుందనేది దీన్ని బట్టే మారుతుంది. పాత బండి కాయిల్ పోతే నడిరోడ్డు మీద ఆగిపోయేది. జంట కాయిల్ ప్యాకులో ఒక వైపు పోతే రెండు సిలిండర్లు కలిసి పడుకుంటాయి. ఇప్పటి బండిలో ఒకే సిలిండర్ పోతుంది, బండి మాత్రం ఈడ్చుకుంటూ ఇంటికి చేరుస్తుంది.

చాలామందిని తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. ఐడ్లింగ్‌లో బండి బాగానే ఉంటుంది, ఖాళీ రోడ్డు మీద బాగానే ఉంటుంది, కానీ నలుగురు ఎక్కి ఏసీ వేసి తిరుమల ఘాట్ ఎక్కుతుంటే కొట్టుకుంటుంది. కారణం ఇది: యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ సిలిండర్‌లోకి ఎక్కువ గాలి వస్తుంది, అది నొక్కుకున్నప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్గు అరిగి కొనల మధ్య ఖాళీ పెరిగితే ఆ అవసరం ఇంకాస్త పెరుగుతుంది. కాయిల్ అంత ఇవ్వలేకపోయినా, లేదా ప్లగ్గు పింగాణీలో సన్నటి పగులో కాయిల్ కింది రబ్బరు బూట్‌లో చీలికో ఉన్నా, కరెంటు ఖాళీని దూకే కష్టం మానేసి పక్కనున్న ఇంజన్ బాడీలోకి జారుకుంటుంది. వర్షాకాలంలో ప్లగ్గు గుంతలో తేమ చేరితే ఆ పక్కదారి ఇంకా సులువు.

ప్రతి స్పార్క్‌కీ ప్లగ్గు కొన నుంచి కాస్త లోహం పోతుంది. మామూలు నికెల్ ప్లగ్గుకి 30, 40 వేల కిలోమీటర్లు దాటితే వయసైపోయినట్టే, ఇరిడియం ప్లగ్గులు లక్ష దాకా వస్తాయి, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో రాసే ఉంటుంది. 70 వేలు తిరిగిన నికెల్ ప్లగ్గులతో ఇ20ని తిట్టడం న్యాయం కాదు.

ఏ సిలిండర్ మిస్ అయిందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది

సిలిండర్ లోపల కెమెరా ఏమీ ఉండదు. ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ చూసేది క్రాంక్ షాఫ్ట్ వేగాన్ని. నిమిషానికి 800 చుట్లంటే ఒక చుట్టుకి 75 మిల్లీసెకన్లు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో అరచుట్టుకి ఒక మంట, అంటే 37.5 మిల్లీసెకన్లకి ఒక తోపు. ఏదైనా తోపు రాకపోతే ఆ అరచుట్టు కాస్త ఆలస్యమవుతుంది, అప్పుడు ఎవరి వంతో క్యామ్ సెన్సార్ చెబుతుంది. ఇలాంటి ఆలస్యాలు ఒక హద్దు దాటితే కోడ్ నమోదై డ్యాష్‌బోర్డు మీద చెక్ లైట్ వెలుగుతుంది.

మన దగ్గర బీఎస్4 కాలంలో, 2013 నుంచే కార్లకి ఓబీడీ (తప్పుల్ని కంప్యూటరే పట్టి కోడ్‌గా నమోదు చేసే ఏర్పాటు) రెండో దశ వచ్చింది, 2020 ఏప్రిల్‌లో బీఎస్6తో అది ఇంకా పదునెక్కింది. కోడ్ల భాష అన్ని కంపెనీల బళ్లలోనూ ఒకటే. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని, పీ0302 రెండోది, అలా నాలుగు దాకా. పీ0300 అంటే ఏదో ఒకటని చెప్పలేం, అక్కడక్కడా అన్నిట్లోనూ అవుతోందని. పీ0351 లాంటివి ఫలానా కాయిల్ సర్క్యూట్‌లో కరెంటు తేడా ఉందని చెబుతాయి. పీ0171 అంటే మిశ్రమం పలచబడిందని, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని.

పీ0302 వచ్చిందంటే రెండో సిలిండర్ ప్లగ్గు మార్చమని అర్థం కాదు. రెండో సిలిండర్‌లో మంట రాలేదు, అంతవరకే అది చెప్పగలదు. మంట ఎందుకు రాలేదో కనుక్కోవడం మనిషి పని. స్కానర్ పెట్టి కోడ్ చదివి వెంటనే పార్టు రాసేయడం నాకు అస్సలు నచ్చని అలవాటు, ఎందుకంటే కష్టపడాల్సిన భాగం అప్పుడే మొదలవుతుంది.

లైట్ విషయంలో ఒక తేడా ప్రాణం లాంటిది. నిలకడగా వెలిగితే తప్పు నమోదైందని. మిణుకుమిణుకుమంటూ ఉంటే మిస్సింగ్ ఆ క్షణాన తీవ్రంగా ఉందని, మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని. ఆ వేడికి దాని లోపలి జల్లెడ కరిగిపోతుంది. ఒక్క కాయిల్‌తో పోయే ఖర్చు ఎన్నో రెట్లు పెరిగేది ఇలాగే, అందుకే లైట్ మిణుకుతుంటే బండి ఆపేయమని మాన్యువల్స్ రాస్తాయి.

ఒక ఉదాహరణ: పీ0302 వచ్చిన బండి

నాలుగు సిలిండర్ల బండి, కోడ్ పీ0302. కొత్త పార్టు ఏదీ కొనకుండా చేసే పరీక్ష ఒకటుంది. రెండో కాయిల్ తీసి మూడో దానికి పెట్టి, మూడోది రెండో దానికి పెట్టి, కోడ్ చెరిపేసి కాసేపు నడపడం. ఇప్పుడు పీ0303 వస్తే తప్పు కాయిల్‌తోపాటే వెళ్లింది, అంటే దొంగ కాయిలే. మళ్లీ పీ0302నే వస్తే కాయిల్ బాగానే ఉంది, తప్పు ఆ సిలిండర్‌నే పట్టుకుని ఉంది. అప్పుడు ప్లగ్గులు అలాగే మార్చి చూస్తారు. అయినా తప్పు కదలకపోతే కాయిల్‌కి వచ్చే వైరు, ఇంజెక్టర్, చివరగా కంప్రెషన్.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. కాయిల్, ప్లగ్గు రెండూ కలిపి మూడో సిలిండర్‌కి మార్చితే, కోడ్ కదిలినా రెండింటిలో ఏది తప్పో తెలియదు. సులువైన పరీక్ష ఎక్కువగా చెడేది ఈ తొందరలోనే.

తీసిన ప్లగ్గు కూడా చాలా చెబుతుంది. లేత గోధుమ, బూడిద రంగులో పొడిగా ఉంటే లోపల మంట ఆరోగ్యంగా ఉంది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. నూనె జిడ్డు ఉంటే రింగుల నుంచో వాల్వ్ సీళ్ల నుంచో ఆయిల్ దిగుతోంది. తెల్లగా కాలినట్టుంటే మిశ్రమం పలచనో, వేడి ఎక్కువో. నాలుగు ప్లగ్గులూ వరసగా పెట్టి చూస్తే ఒక్కటే వేరుగా ఉందా, నాలుగూ ఒకేలా ఉన్నాయా అనేది కంటికే కనిపిస్తుంది.

కంప్రెషన్ దాకా వచ్చామనుకోండి. మీటర్ పెడితే నాలుగు సిలిండర్లలో 175, 110, 172, 174 పీఎస్ఐ వచ్చాయనుకుందాం. రెండోదాంట్లో గాలి నిలవడం లేదు. ప్లగ్గు రంధ్రంలోంచి ఓ చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 150కి పెరిగిందా, రింగులు అరిగాయి, ఆ సందుని ఆయిల్ కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వ్ సరిగ్గా కూర్చోవడం లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇలాంటి ఇంజన్‌కి ఎన్ని కొత్త ప్లగ్గులు, కాయిల్స్ పెట్టినా మిస్సింగ్ పోదు.

మొండి కేసుల్లో చాలావరకు వేడితో ముడిపడినవే. లోపల తీగ చుట్లలో ఇన్సులేషన్ పాడైన కాయిల్ చల్లగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేసి, అరగంట ట్రాఫిక్‌లో వేడెక్కాక చేతులెత్తేస్తుంది. పొద్దున్నే షెడ్డులో చూస్తే ఏమీ దొరకదు, "మీ బండి బాగానే ఉందండీ" అని పంపేస్తారు. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, తప్పు కనిపించే వేడిలో పరీక్ష జరగలేదు, అంతే. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇలాగే ఆడిస్తాయి, బండి గతుకులో పడ్డప్పుడు తప్ప బయటపడవు.

ఎప్పుడు మిస్ అవుతోంది అన్నదీ సాక్ష్యమే

ఇన్‌టేక్ పైపులో ఎక్కడో చీలిక ఉండి లెక్కలో లేని గాలి చొరబడుతుంటే, ఐడ్లింగ్‌లో వణుకు ఎక్కువ, స్పీడు పెంచితే తగ్గుతుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చొరబడే కాస్త గాలీ పెద్ద వాటా అవుతుంది. స్పార్క్ బలహీనమైతే దీనికి తలకిందులు, బరువు పడినప్పుడు బయటపడుతుంది. ఫ్యూయల్ పంప్ నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా హైవే మీద గట్టిగా తొక్కినప్పుడు చాలినంత పెట్రోల్ రాక అన్ని సిలిండర్లూ కలిసి తగ్గుతాయి.

సీఎన్‌జీ బళ్లున్నవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది, రెండు ఇంధనాలు ఒకే ఇంజన్. రెండింటిమీదా మిస్ అయితే స్పార్కో కంప్రెషనో. పెట్రోల్ మీదే అయితే పెట్రోల్ ఇంజెక్టర్ల వైపు చూడాలి. సీఎన్‌జీ మీదే అయితే గ్యాస్ కిట్ అని తేల్చేయడానికి లేదు, గ్యాస్ మండించడానికి స్పార్క్ వోల్టేజీ ఎక్కువ కావాలి కాబట్టి అరుగుదల మొదలైన ప్లగ్గు పెట్రోల్ మీద నెట్టుకొచ్చి సీఎన్‌జీ మీద పట్టుబడుతుంది. "గ్యాస్ మీదే మిస్సింగ్" అని కిట్ విప్పే ముందు ప్లగ్గులు చూసుకుంటే బోలెడు ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు ఇ20 సంగతి: దాని తప్పెంత, దాని మీద పడ్డ నిందెంత

ఇ20 అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025కల్లా దేశమంతా పాకింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. పెట్రోల్ శక్తి 100 అనుకుంటే ఇథనాల్ 66. ఇ10లో (ఇథనాల్ 10 పాళ్లే ఉండేది) 90 కి 6.6 కలిపి 96.6, ఇ20లో 80 కి 13.2 కలిపి 93.2. అంటే ఇ10 నుంచి ఇ20కి వస్తే మూడున్నర శాతం తగ్గుదల. 18 కిలోమీటర్లిచ్చే బండి ఈ లెక్కన 17.4 ఇవ్వాలి.

ప్రభుత్వం మాటా దీనికి మరీ దూరం కాదు. ఇ20 కోసం సర్దిన బళ్లలో 1 నుంచి 2 శాతం, మిగతావాటిలో 3 నుంచి 6 శాతం మైలేజీ తగ్గొచ్చని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. పాత బళ్లలో 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. ఇథనాల్‌కి ఆక్టేన్ (ఒత్తిడికి ముందే అంటుకోకుండా నిలిచే గుణం) ఎక్కువ, దిగుమతి చేసుకునే చమురు తగ్గుతుంది, రైతుకి డబ్బొస్తుంది అన్నది అటువైపు వాదన. 2023 ఏప్రిల్‌కి ముందు కొన్న బండిని ఇ10కి చేశారు, మాకు బంకులో వేరే ఎంపిక ఎందుకు లేదు అన్నది ఇటువైపు ప్రశ్న. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా అమ్మాలంటూ వేసిన పిటిషన్‌ని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కేసు పోయినా పాత బండి ఉన్నవాడి ప్రశ్నలో న్యాయం ఉందనే నేననుకుంటాను. కానీ అది మైలేజీ గురించిన, ఎంపిక గురించిన ప్రశ్న. మిస్సింగ్ దగ్గర భౌతికశాస్త్రం వేరే మాట చెబుతుంది.

ట్యాంకులో ఉన్న పెట్రోల్ నాలుగు సిలిండర్లకీ ఒకటే. కోడ్ ఎప్పుడూ పీ0302నే అయితే, మిగతా మూడూ అదే ఇ20 తాగి హాయిగా మండుతుంటే, ఆ రెండోదాంట్లో సొంత జబ్బు ఏదో ఉంది. ఇంధనం పనిగట్టుకుని ఒక్క సిలిండర్‌ని ఎంచుకోదు. దీనికి ఒక మినహాయింపు ఉంది, అప్పటికే బోర్డర్‌లో ఉన్న ప్లగ్గో ఇంజెక్టరో మిశ్రమం కాస్త మారగానే అందరికంటే ముందు పడిపోవచ్చు. అలాంటప్పుడు కూడా బాగుచేయాల్సింది ఆ పార్టునే.

మరి ఇ20 నిజంగా మిస్సింగ్ తెప్పించగలదా? తెప్పించగలదు, అయితే అన్ని సిలిండర్లనీ కలిపి. స్వచ్ఛమైన పెట్రోల్ కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, ఇ20కి సుమారు 13.5. అంటే అంతే గాలికి ఇంధనం ఇంకాస్త ఎక్కువ పోయాలి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సార్ చెప్పేదాన్ని బట్టి కంప్యూటర్ ఆ సర్దుబాటు తనే చేస్తుంది, దాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఇ10 నుంచి ఇ20కి మారితే సుమారు 4 శాతం పెంచాలి, ఆరోగ్యమైన బండికి అది లెక్కలోది కాదు. ఇప్పుడు ఒక బండిలో ఇన్‌టేక్ గొట్టం చీలి, ఇంజెక్టర్లు కాస్త మూసుకుపోయి, ట్రిమ్ అప్పటికే 18 శాతం దగ్గర ఉందనుకోండి. ఇ20తో అది 22కి పోతుంది, చాలా బళ్లలో 20, 25 దగ్గర కంప్యూటర్ చేతులెత్తేసి పీ0171, దాంతోపాటు పీ0300 వేస్తుంది. ఓనరు "ఇ20 పోయించాకే మొదలైంది" అంటాడు, నిజమే. మెకానిక్ "గొట్టం చీలింది" అంటాడు, అదీ నిజమే. స్కానర్‌లో ట్రిమ్ అంకె చూస్తే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది, ఆ 22లో ఇ20ది 4, మిగిలిన 18 పాత జబ్బుది.

పొద్దున చల్లటి స్టార్టింగ్ దగ్గర ఇ20 మీద ఫిర్యాదుకి కొంత బలముంది. ఆక్సిజన్ సెన్సార్ వేడెక్కేదాకా కంప్యూటర్ సర్దుబాటు చేయలేదు, పాత లెక్కతోనే పెట్రోల్ పోస్తుంది, పైగా ఇథనాల్ చలిలో అంత తేలిగ్గా ఆవిరవదు. మొదటి నిమిషంలో కాస్త తడబడి తర్వాత బాగైపోయే పాత బండిలో కారణం ఇదే కావచ్చు.

నీళ్ల కథ వేరు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. బంకు ట్యాంకులో వాన నీరు చేరి హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగున చేరతాయి, ఫ్యూయల్ పంప్ లాగేది అడుగు నుంచే. అలాంటి పెట్రోల్ పోయించిన బండి బంకు దాటిన కొన్ని కిలోమీటర్లలోనే అన్ని సిలిండర్లలోనూ కొట్టుకుని ఆగిపోతుంది, అదే పూట అదే బంకులో పోయించుకున్న వేరే బళ్లు కూడా ఆగుతాయి. ప్లగ్గు అరుగుదల నెలల తరబడి పెరుగుతుంది, నీళ్లు మాత్రం ఒక్క పూటలో పట్టుకుంటాయి.

సెట్ మొత్తం మార్చాలా, పోయినదొక్కటే చాలా

ప్లగ్గుల విషయంలో గొడవ లేదు, నాలుగూ ఒకే రోజు బిగించినవి, ఒకేలా అరిగాయి, కలిపి మార్చడమే సబబు. కాయిల్స్ దగ్గరే అభిప్రాయ భేదం. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, మళ్లీ మళ్లీ రావడం ఎందుకు అంటారు మెకానిక్కులు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పితేగానీ కాయిల్ అందని ఇంజన్లలో ఆ మాటకి విలువుంది, ఎందుకంటే లేబర్ ఖర్చే ఎక్కువ. కానీ చాలా చిన్న కార్లలో కాయిల్ ఒక బోల్టుతో పైనే ఉంటుంది, విప్పడం పది నిమిషాల పని, పైగా కాయిల్స్ ప్లగ్గుల్లా క్రమంగా అరగవు, ఒకటి పోయాక మిగతావి ఏళ్ల తరబడి నడిచిన బళ్లు ఎన్నో. అక్కడ పోయినదొక్కటే మార్చడం నాకైతే మేలనిపిస్తుంది.

ఇంకో మాట, బ్యాటరీ వైరు తీసి పెట్టడం గురించి. చెక్ లైట్ పోవడానికి చాలాచోట్ల ముందు చేసేది అదే. కోడ్ నమోదైన క్షణంలో ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత బరువు లాగుతోంది, ట్రిమ్ ఎంత అనేవన్నీ కంప్యూటర్ దాచి పెట్టుకుంటుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కూలెంట్ 25 డిగ్రీలు, ఐడ్లింగ్ అని ఉంటే పొద్దుటి స్టార్టింగ్ తప్పు. 92 డిగ్రీలు, 2400 ఆర్‌పీఎం, లోడ్ 80 శాతం అని ఉంటే ఎక్కుడు దారిలో స్పార్క్ చాలలేదని. చాలా బళ్లలో వైరు తీసిన క్షణంలో ఇదంతా చెరిగిపోతుంది, నేర్చుకున్న ట్రిమ్ కూడా సున్నాకి పోతుంది, లైట్ ఆరుతుంది, రెండు రోజులు బండి బాగైనట్టే ఉంటుంది. మూడో రోజు మళ్లీ లైట్ వచ్చేసరికి మెకానిక్ చేతిలో ఆ కొత్త రికార్డే ఉంటుంది, తప్పు మొదట ఏ పరిస్థితిలో వచ్చిందో చెప్పే రికార్డు ఉండదు.